కౌలు పుస్తకాలు
(ప్రజా గ్రంథాలయాలు, ఈ-బుక్కులు, న్యాయమైన చట్టం గురించి)

పుస్తకం కొనడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే మనం నవ్వుతాం. డబ్బిచ్చి తెచ్చుకుంటాం. మొదటి పేజీలో పేరు రాసుకుంటాం. చదువుతాం, లేదా చదువుదామని అటక మీద పెడతాం. స్నేహితుడికిస్తాం, అతను తిరిగివ్వడు. అతని దగ్గర్నుంచి ఇంకొకడు పట్టుకుపోతాడు. చివరికి ఏ పాత పుస్తకాల కొట్లోనో సగం ధరకి మళ్లీ మనకే కనబడుతుంది. ఇన్ని చేతులు మారినా, ఆ పుస్తకం రాసినవారిని గాని, వేసినవారిని గాని ఎవరూ మధ్యలో అనుమతి అడగరు. అడగాలన్న ఊహ కూడా రాదు.

అదే పుస్తకాన్ని ఈ-బుక్ రూపంలో "కొన్నప్పుడు" పైన చెప్పిన పనుల్లో చదవడం ఒక్కటే మనకు మిగులుతుంది. మిగతావన్నీ నిషేధం. ఎందుకంటే అక్కడ మనం కొన్నది పుస్తకాన్ని కాదు, చదువుకునేందుకు ఒక లైసెన్సుని. ఈ తేడా ఒక మనిషికి పెద్దగా బాధ కలిగించకపోవచ్చు. కాని గ్రంథాలయానికి ఇది చావుబతుకుల సమస్య. ఈ సంగతే ఈ వ్యాసంలో నాకు అర్థమైనంతవరకు చెప్పాలని ప్రయత్నం. నేను లా విద్యార్థిని కాను, సైన్సు విద్యార్థిని. కనుక చట్టం భాషలో ఎక్కడైనా తడబడితే పెద్దలు మన్నించాలి.

ఈ విషయం వైపు నా దృష్టి మళ్లడానికి కారణం చిన్నది. పోయిన ఏడాది బయోకెమిస్ట్రీకి ఒక ఈ-బుక్ దొరికింది. పేరెందుకు గాని, ఒక సంస్థ ద్వారా చదువుకునే వీలుండేది. దుకాణంలో దాని ధర చూస్తే మా నాన్న ఒక బస్తా యూరియాకి పెట్టే డబ్బుకి ఎన్నో రెట్లు. అందుకని సెల్లులోనే చదువుతూ, ఎంజైముల అధ్యాయం దగ్గర గుర్తు పెట్టుకున్నాను. సరిగ్గా పరీక్షలకు తొమ్మిది రోజుల ముందు తెరిస్తే "ఈ పుస్తకం ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వచ్చింది. విచారిస్తే గడువు అయిపోయిందట. చందా మళ్లీ కట్టలేదట. పుస్తకం చిరగలేదు, పోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. గడువు అయిపోయింది, అంతే.

ఆదివారం ఇంటికెళ్లి ఈ గోడు చెబితే మా నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు: "అయితే అది కౌలు పుస్తకమన్నమాట."

నాకు అంతకంటే మంచి పేరు ఇంతవరకూ ఏ వ్యాసంలోనూ కనబడలేదు. మాకు సొంతం రెండెకరాలు, కౌలుకి చేసేది మూడెకరాలు. సొంత చేలో మా నాన్న పశువుల పెంట తోలిస్తాడు, గట్లు వేయిస్తాడు, గట్టు మీద నాలుగు కొబ్బరి మొక్కలు పెట్టాడు. కౌలు చేలో ఆ పనులేవీ చెయ్యడు. బద్ధకం వల్ల కాదు. వచ్చే ఏడాది ఆ చేను మనదవుతుందో కాదో తెలియనప్పుడు పదేళ్లకు ఫలమిచ్చే పని చెయ్యడానికి చెయ్యి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కూడా కౌలు ఒప్పందాన్ని పదకొండు నెలలకే పెట్టింది. గ్రంథాలయం పరిస్థితి కూడా ఇంతే. సొంత పుస్తకాలున్న గ్రంథాలయం ఏటికేడు పెరుగుతుంది. కౌలు పుస్తకాల గ్రంథాలయం ఏటా కౌలు కట్టుకుంటూ వుంటుంది. కట్టలేని ఏడు అలమరా ఖాళీ.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను. ఈ పోరాటం ఎక్కువగా జరిగింది, జరుగుతున్నది అమెరికాలో. కాబట్టి అక్కడి సంగతులే ముందు చెప్పుకోవాలి.

1904లో అక్కడ ఒక ప్రచురణ సంస్థ "ది కాస్ట్ అవే" అనే నవల వేసింది. లోపలి పేజీలో ఒక హెచ్చరిక అచ్చువేసింది: దీని ధర ఒక డాలరు, అంతకు తక్కువకి అమ్మడానికి ఏ వర్తకునికీ లైసెన్సు లేదు, అమ్మితే కాపీరైటుని ఉల్లంఘించినట్టే అని. న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణంవారు ఆ హెచ్చరికను లెక్కచెయ్యకుండా 89 సెంట్లకి అమ్మారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టువారు తీర్పు చెప్పారు: ఒకసారి పుస్తకం అమ్మాక దాని మీద ప్రచురణకర్త పెత్తనం తీరిపోయింది. కాపీలు వేసే హక్కు ఆయనదే గాని, అమ్ముడుపోయిన ఆ ఒక్క ప్రతి కొన్నవాడిది. దీన్నే "తొలి అమ్మకం" సూత్రమంటారు. మరుసటి ఏడు, 1909లో, ఇది వారి కాపీరైటు చట్టంలోకే ఎక్కింది. గమనించారా? "లైసెన్సు" అనే మాట అప్పటికే ఆ అట్టలోపల కూర్చుని వుంది. నూటపాతికేళ్లు కాకముందే అది మళ్లీ లేచి వచ్చింది.

అమెరికాలోని ప్రజా గ్రంథాలయాలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి. పుస్తకం కొంటే అది గ్రంథాలయానిది. ఎంతమందికైనా, ఎన్నేళ్లయినా ఎరువివ్వవచ్చు. ప్రచురణకర్త ఇష్టపడ్డా పడకపోయినా సరే.

మరి ఈ-బుక్ వచ్చేసరికి ఏమైంది? ఇక్కడ కొంచెం సైన్సు వుంది. అచ్చు పుస్తకం చేతులు మారితే ఒక చోట లేకుండా పోయి ఇంకొక చోట వుంటుంది. పదార్థం గదా! ఫైలు అలా కాదు. ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి పంపడమంటే రెండో చోట కొత్త కాపీ పుట్టడమే. కాపీ వేసే హక్కేమో ప్రచురణకర్తది. కనుక తొలి అమ్మకం సూత్రం దీనికి వర్తించదని వాదన. పాటల ఫైళ్లను తిరిగి అమ్మిన రీడిజి అనే కంపెనీ కేసులో 2018లో అక్కడి అప్పీలు కోర్టు ఈ వాదననే ఒప్పుకుంది. యూరపులో కూడా 2019లో టామ్ క్యాబినెట్ అనే కంపెనీ కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, వాడిన ఈ-బుక్కుల్ని తిరిగి అమ్మడం కుదరదని చెప్పింది. పదార్థ స్వభావంలో వున్న ఈ చిన్న తేడా వల్ల నూరేళ్ల హక్కు గాలికి పోయింది. ఫైలు తేలిగ్గా కాపీ అవుతుంది గనుక పుస్తకం మరింత మందికి చేరాలి గదా అనుకుంటాం. జరిగింది అందుకు సరిగ్గా వ్యతిరేకం.

2011 మార్చిలో హార్పర్ కాలిన్స్ సంస్థ ఒక నిబంధన పెట్టింది. గ్రంథాలయం తీసుకున్న ఈ-బుక్‌ని 26 సార్లు మాత్రమే ఎరువివ్వవచ్చు. ఇరవై ఏడోవాడు రాగానే పుస్తకం మాయం, మళ్లీ డబ్బు కట్టాలి. 26 ఎందుకు? రెండు వారాలకొకరు చొప్పున 26 మంది అంటే 52 వారాలు, అనగా ఏడాది. అచ్చు పుస్తకం కూడా వాడగా వాడగా నలిగిపోతుంది గదా అన్నది వారు చెప్పిన మాట. దానికి ఒక్లహోమా రాష్ట్రంలోని ఒక గ్రంథాలయంవారు వాదన పెట్టుకోకుండా ప్రయోగం చేసి చూపించారు. అదే సంస్థ అచ్చువేసిన పుస్తకాల్ని అలమరాల్లోంచి తీసి, ఒక్కొక్కటీ ఎన్నిసార్లు ఎరువుకి వెళ్లిందో చెబుతూ పేజీలు తిప్పి వీడియో తీశారు. 26 దాటినవి కూడా చెక్కుచెదరకుండా వున్నాయి. మా ప్రాక్టికల్ పరీక్షల్లో ఇలాంటి జవాబుకి పూర్తి మార్కులిస్తారు.

తరవాత నిబంధనలు రకరకాలుగా మారాయి. 2018లో పెంగ్విన్ రాండమ్ హౌస్, 2019లో హాషెట్ సంస్థలు అంతకుముందు ఇస్తూ వచ్చిన శాశ్వత లైసెన్సుని తీసేసి రెండేళ్ల గడువు పెట్టాయి. 2019 నవంబరు నుంచి మాక్మిలన్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. కొత్త పుస్తకం వెలువడిన మొదటి ఎనిమిది వారాలూ ఒక గ్రంథాలయ వ్యవస్థకి ఒక్కటంటే ఒక్క కాపీయే ఇస్తామన్నది. ఆ వ్యవస్థ కింద పది శాఖలున్నా, లక్షల జనం వున్నా ఒక్కటే! ఆ ఒక్క కాపీ 30 డాలర్లు. ఎనిమిది వారాలు దాటాక కావాలంటే రెండేళ్లకి 60 డాలర్లు. దేశమంతటా గ్రంథాలయాలు అభ్యంతరం చెప్పాయి, కొన్ని ఆ సంస్థ ఈ-బుక్కులు తీసుకోవడమే మానేశాయి. చివరకు 2020 మార్చిలో, కరోనాతో గ్రంథాలయాల తలుపులు మూతపడుతున్న రోజుల్లో, ఆ నిబంధన వెనక్కి తీసుకున్నారు.

చిన్న లెక్క వేద్దాం. రెండేళ్లకి 60 డాలర్లంటే పదేళ్లకి 300 డాలర్లు. పదేళ్ల తరవాత గ్రంథాలయం చేతిలో మిగిలేది సున్నా. అచ్చు పుస్తకం ముప్ఫై డాలర్లకి కొన్నారనుకుందాం. మధ్యలో ఒకసారి చిరిగితే ఇంకొకటి కొన్నారనుకుందాం. మొత్తం 60. పైగా పదకొండో ఏట కూడా పుస్తకం అలమరాలో వుంటుంది. పాఠకుడు ఆ ఈ-బుక్‌ని తన సొంతానికి పదిహేను డాలర్ల లోపే తెచ్చుకోగలడు. గ్రంథాలయాన్నే అంత ఎక్కువ అడుగుతారు. ప్రజల పన్ను డబ్బుతో నడిచే సంస్థకి టోకు ధర తక్కువ వుండాలి గాని ఎక్కువ వుండడమేమిటి?

ప్రచురణకర్తల మాట కూడా వినాలి. లేకపోతే ఇది వ్యాసం కాదు, నినాదమవుతుంది. వారంటారు: అచ్చు పుస్తకం ఎరువు తెచ్చుకోవాలంటే పాఠకుడు గ్రంథాలయానికి నడిచివెళ్లాలి, వరసలో నిలబడాలి, తిరిగి ఇవ్వాలి. ఈ శ్రమ వల్లనే కొంతమంది, పోనీ కొనేద్దాం అనుకుంటారు. ఈ-బుక్ ఎరువుకి ఏ శ్రమా లేదు. మంచం మీద పడుకుని రెండు నొక్కులు నొక్కితే చాలు. నలగదు, చిరగదు. అలాంటప్పుడు కొనేవాడెవడు? రచయిత బతికేదెట్లా? ఈ ప్రశ్న న్యాయమైనదే. రచయితకి అన్నం పెట్టని పద్ధతి ఎంతోకాలం నిలవదు. మన తెలుగు రచయితలు చాలామంది సొంత డబ్బుతో ఐదొందలో వెయ్యో కాపీలు అచ్చువేసుకుని, గ్రంథాలయాలు కొంటే అదే పదివేలనుకునే స్థితిలో వున్నారు. వారి ఎదుట నిలబడి "ఉచితంగా ఇవ్వండి" అనడానికి నాకు నోరు రాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. గడువు పెట్టి రెండేళ్లకోసారి వసూలు చేసిన డబ్బులో రచయితకి చేరేదెంత, మధ్యలో ఆగేదెంత?

ఈ చిక్కుకి యూరపు దేశాల్లో ఒక దారి కనిపెట్టారు. బ్రిటన్‌లో 1979లోనే ఎరువు హక్కు చట్టం తెచ్చారు. దాని ప్రకారం గ్రంథాలయంలో పుస్తకం ఎరువుకి వెళ్లినప్పుడల్లా రచయితకి ప్రభుత్వ నిధి నుంచి కొద్ది పైకం జమ అవుతుంది. 2018 జులై నుంచి ఈ-బుక్ ఎరువులకి కూడా దీన్ని వర్తింపచేశారు. 2016 నవంబరులో డచ్చి గ్రంథాలయాల సంఘం కేసులో యూరపు న్యాయస్థానం ఇంకా మంచి మాట చెప్పింది. ఒక కాపీని ఒకసారి ఒక్కరికే ఇస్తూ, వారి గడువు తీరాక ఇంకొకరికిస్తూ పోతే అది అచ్చు పుస్తకపు ఎరువు లాంటిదే, రచయితకి ప్రతిఫలం ఇస్తే చాలు అన్నది దాని సారాంశం. ఫైలు పదార్థం కాదు గనుక ఎరువే కాదనే వాదం అక్కడ చెల్లలేదు. అయితే తీర్పు వచ్చినంత మాత్రాన అన్ని దేశాల్లోనూ ప్రచురణకర్తలు ఈ-బుక్కులు ఇచ్చేశారని కాదు. ఇవ్వకుండా అట్టేపెట్టుకునే స్వేచ్ఛ వారికింకా వుంది.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంవారు సరిగ్గా ఆ తాళం మీదే దెబ్బ కొట్టబోయారు. 2021లో ఆ రాష్ట్ర శాసనసభ రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఒక చట్టం చేసింది. ప్రజలకు ఈ-బుక్ అమ్మే ప్రచురణకర్త గ్రంథాలయాలకు కూడా "న్యాయమైన షరతుల" మీద లైసెన్సు ఇవ్వజూపాలి. అంతే. ధర ఇంత అని గాని, ఉచితమని గాని అనలేదు. 2022 జనవరి 1 నుంచి అమలు. కాని 2021 డిసెంబరులోనే ప్రచురణకర్తల సంఘం కోర్టుకెక్కింది. అదే నెలలో న్యూయార్కు రాష్ట్ర సభ చేసిన ఇలాంటి బిల్లుని గవర్నరు తిరస్కరించింది. 2022 ఫిబ్రవరిలో కోర్టు మేరీలాండ్ చట్టాన్ని నిలిపివేసి, జూనులో అది చెల్లదని ఖాయం చేసింది. కారణం: కాపీరైటు అక్కడ కేంద్ర చట్టం. ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో నిర్ణయించుకునే హక్కు ఆ చట్టం కాపీరైటు యజమానికి ఇచ్చింది. నువ్వు అమ్మి తీరాలని బలవంతపెట్టే అధికారం రాష్ట్రానికి లేదు. న్యాయమూర్తి గ్రంథాలయాల కష్టాన్ని కాదనలేదు. వాటిది మంచి ఉద్దేశమే గాని దారి ఇది కాదన్నారు.

ఆ కేసు చదివాక కనెక్టికట్ రాష్ట్రంవారు ఇంకో తెలివైన దారి తొక్కారు. 2025లో చేసిన చట్టంలో వారు ప్రచురణకర్తని ఏమీ అనలేదు. తమ గ్రంథాలయాల్నే కట్టడి చేశారు! ఇన్నేళ్లే, పైగా ఇన్ని ఎరువులే అని రెండు సంకెళ్లూ ఒకేసారి వేసే ఒప్పందం మీద మా గ్రంథాలయం సంతకం పెట్టకూడదని. కొనేవాడు తన షరతు తాను చెప్పుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? అయితే ఒక్క చిన్న రాష్ట్రం భీష్మించుకుంటే ప్రచురణకర్తలు పట్టించుకోరు గదా. అందుకని 70 లక్షల జనాభాకి తగ్గకుండా ఇతర రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టం చేసినప్పుడే మాది అమల్లోకి వస్తుందని అందులోనే రాసుకున్నారు. పదిమంది రైతులు కలిస్తే గాని ధాన్యం ధర మాట్లాడలేమన్న సంగతి మా ఊళ్లో చదువురానివారికి కూడా తెలుసు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ కథ కూడా ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. తెలుగు పాత పుస్తకాలు వెతుక్కునే మనలో చాలామందికి అది అక్షయపాత్ర. తమ దగ్గరున్న అచ్చు పుస్తకాన్ని స్కాను చేసి, ఒక అచ్చు ప్రతికి ఒక్క పాఠకుడు చొప్పున ఎరువిచ్చే పద్ధతి వారు నడిపారు. 2020 మార్చిలో, కరోనా కాలంలో, ఒకరికి ఒకటి అనే ఆ హద్దుని కూడా కొన్ని వారాలు ఎత్తేశారు. జూనులో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు దావా వేశాయి. 2023లో జిల్లా కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆర్కైవ్‌కి వ్యతిరేకంగానే తీర్పునిచ్చాయి. ఆర్కైవ్ ఆ పైకి వెళ్లలేదు. హద్దు ఎత్తెయ్యడం మంచి మనసుతో చేసిన పొరపాటని నా అభిప్రాయం. వరద వస్తుంటే పక్కచేనుకి మేలు చేద్దామని సొంత గట్టు తెంపుకున్నట్టయింది. కాని ఒకరికొకటి పద్ధతిని కూడా కోర్టు ఒప్పుకోలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. చట్టం మారకుండా మంచి పద్ధతి ఒక్కటీ చాలదని దీనివల్ల తేలుతున్నది.

ఇక మన దేశానికి వద్దాం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో 14వ సెక్షను, ప్రజలకు కాపీలు విడుదల చేసే హక్కు రచయితదని చెబుతూనే, "ఇప్పటికే చలామణిలో వున్న కాపీలు కాకుండా" అన్నది. మన పాత పుస్తకాల కొట్లూ, మన గ్రంథాలయాల ఎరువులూ ఈ నాలుగు మాటల నీడలోనే బతుకుతున్నాయి. 52వ సెక్షనులో గ్రంథాలయాలకు కొన్ని మినహాయింపులున్నాయి. మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని ప్రజా గ్రంథాలయం తన వాడకానికి మూడు కాపీలదాకా తీసుకోవచ్చు. 2012 సవరణలో ఇంకొకటి చేర్చారు. గ్రంథాలయం దగ్గర అచ్చు ప్రతి వుంటే, దాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. మంచిదే. కాని దాచుకోవడానికి ఒప్పుకున్న చట్టం దాన్ని పాఠకుడికి ఎరువిచ్చే సంగతి చెప్పలేదు. పుట్టుకతోనే ఈ-బుక్ అయిన పుస్తకం సంగతీ చెప్పలేదు. అలాంటి పుస్తకానికి అచ్చు ప్రతి వుండదు, గ్రంథాలయం దగ్గర వున్నదల్లా ఒప్పందమే. ఆ ఒప్పందంలో ఏం రాస్తే అదే శాసనం.

మన పార్లమెంటు ఇలాంటి తగవులు తీర్చలేనిదేమీ కాదు. మా ఇంటికి తెలిసిన ఉదాహరణ చెబుతాను. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కొత్త వంగడం తయారుచేసినవాడికి హక్కులిచ్చింది. దాంతోపాటే 39వ సెక్షనులో, రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకి ఇవ్వవచ్చు, అమ్ముకోనూవచ్చు, బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు అన్నది. సృష్టించినవాడి హక్కూ నిలిచింది, వాడుకునేవాడి అలవాటూ నిలిచింది. విత్తనంలో సాధ్యమైంది పుస్తకంలో ఎందుకు కాదు? అలాగే అంధులకు పుస్తకాలు అందుబాటు రూపంలోకి మార్చే విషయమై వచ్చిన మర్రకేష్ ఒడంబడికని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు కేసులో, తరగతి పాఠం కోసం పుస్తక భాగాల జిరాక్సు ప్రతులు తీసుకోవచ్చని హైకోర్టు చెప్పింది కూడా ఇక్కడే. ఆ తీర్పు లేకపోతే మనలో సగంమంది సెమిస్టరు దాటేవాళ్లం కాదు!

కాపీరైటు మన రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో 49వ అంశం. గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలో 12వ అంశం. అంటే అమరావతిలో గాని, హైదరాబాదులో గాని మేరీలాండ్ లాంటి చట్టం చేస్తే అదే గతి పట్టవచ్చు. కాని కనెక్టికట్ దారి మనకు తెరిచేవుంది. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద మన జిల్లా గ్రంథాలయ సంస్థలు ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల సెస్సుతో నడుస్తున్నాయి. మా ఊరి పూరింటివాడు కట్టిన పైసలు కూడా అందులో వున్నాయి. ఆ డబ్బుతో ఎలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చో, ఎలాంటిదాని మీద పెట్టకూడదో చెప్పుకునే అధికారం మన శాసనసభలకు వుందని నా నమ్మకం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే మాట మీద వుంటే ఏ ప్రచురణకర్తా తోసిపుచ్చలేని బేరం అది.

ఢిల్లీలో మారవలసింది వేరు. గ్రంథాలయం ఈ-బుక్ కొంటే, ఒక కాపీ ఒక పాఠకుడు అనే హద్దులో, గడువు లేకుండా ఎరువివ్వవచ్చని 52వ సెక్షనులో ఒక మాట చేర్చాలి. చట్టం ఇచ్చిన హక్కుని ఒప్పందం కొట్టెయ్యకూడదని ఇంకో మాట. సింగపూరు 2021లో చేసిన కాపీరైటు చట్టంలో గ్రంథాలయాల కొన్ని హక్కులకు ఇలాంటి రక్షణ వుంది. బదులుగా బ్రిటన్‌లో లాగా రచయితకి ఎరువుకింత అని ప్రభుత్వం చెల్లించాలి. ఈ మూడోది లేకుండా మొదటి రెండూ అడగడం సబబు కాదు.

"మన శాఖా గ్రంథాలయంలో కుర్చీలే సరిగా లేవు, నీకు ఈ-బుక్కుల గోలేమిటి?" అని మా హాస్టలు మిత్రుడొకడు ఎద్దేవా చేశాడు. నిజమే. కాని ఇప్పుడు చేతిలో సెల్లు లేని విద్యార్థి ఎక్కడున్నాడు? 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఒకే దేశం ఒకే చందా అనే పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధనా సంస్థలకు పరిశోధన పత్రికలు అందించడానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పెద్ద మేలు, సందేహం లేదు. అయితే అది కూడా చందాయే, అంటే కౌలే. రేపు ప్రజా గ్రంథాలయాల వంతు వస్తుంది. అప్పుడు షరతులు వారు రాసి తెస్తారు, మనం సంతకం పెడతాం. ఇల్లు తగలబడ్డాక బావి తవ్వడం మనకు కొత్త కాదు గాని, ఈ ఒక్క విషయంలో ముందే తవ్వుకోవచ్చు గదా!

పైగా గ్రంథాలయ విషయంలో ఇతరుల్ని చూసి నేర్చుకోవలసిన జాతి కాదు మనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాల ప్రతినిధుల్ని సమావేశపరిచారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలయింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టాలో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ వెంట వూరూరూ తిప్పారు. ఆ పడవలోని పుస్తకాలు కొన్నవీ, దానంగా వచ్చినవీ. సొంతమైనవి గనుకనే పడవ ఎక్కాయి. 26 ఎరువుల లెక్క ఆ పడవకి పెట్టివుంటే రెండో లాకు దాటకముందే ఖాళీ అయిపోయేది.

2009 జులైలో అమెజాన్ సంస్థ తన పాఠకుల కిండిల్ యంత్రాల్లోంచి ఒక పుస్తకాన్ని చెప్పాపెట్టకుండా వెనక్కి లాగేసుకుంది. అమ్మినవాడికి హక్కులు లేవని తరవాత తెలిసిందట. డబ్బు తిరిగిచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు. ఆ పుస్తకం ఏదో తెలుసా? జార్జ్ ఆర్వెల్ రాసిన "1984". కల్పించి రాస్తే అతిగా వుందంటారు.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో కుటుంబరావు కథల సంపుటం ఒకటుంది. వెనక అట్టకి అంటించిన తేదీల కాగితం నిండిపోతే దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి అంటించారు. అడుగు కాగితం మీద వున్న తేదీలు నేను పుట్టకముందువి. అందులో ఒకటి మా అమ్మ తీసుకున్నప్పటిదేనని ఆమె అంటుంది, పెళ్లయి ఆ వూరొచ్చిన ఏడాదట. నిజమో కాదో గాని, ఇరవై ఆరు తేదీలు మొదటి కాగితం మీదే అయిపోయాయి. నేను లెక్కపెట్టాను.

పోయిన నెలలో మన లైబ్రరీ కమిటీకి విద్యార్థుల తరఫున మూడు ప్రశ్నలు రాసిచ్చాము. మన దగ్గరున్న ఈ-బుక్కుల్లో ఎన్ని కొన్నవి, ఎన్ని చందావి? చందా ఆగితే అంతవరకు చదివినవి మనకు మిగులుతాయా? వచ్చే ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టేముందు దాని షరతులు విద్యార్థి ప్రతినిధికి చూపిస్తారా? లైబ్రేరియన్ గారు కాగితం తీసుకుని, మూడోది తప్పకుండా కమిటీలో పెడతానన్నారు. మొదటి రెండింటికీ జవాబు కోసం ఫైళ్లు తీయిస్తున్నారు.